శాంతినికేతన్‌లో ఠాగూర్ ఇళ్లు, తోటలు: ఉత్తరాయణం చూడ్డానికి ఎంత సమయం పెట్టుకోవాలి?

గోదారిగట్టు
నమస్కారం. జనవరిలో రాజమండ్రి నుంచి నలుగురం కలకత్తా వెళ్తున్నాం. మాలో ఇద్దరు అరవై దాటినవారు. శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ నివసించిన ఇళ్లు, వాటి చుట్టూ ఉన్న తోట చూడాలని ఉంది. ఆ ఆవరణనే ఉత్తరాయణం అంటారట. అడగాల్సినవి ఇవి. హౌరాలో పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చా? ఏ రోజు వెళ్లకూడదు? ఇళ్ల లోపలికి పంపిస్తారా, బయటినుంచి చూసి రావడమేనా? తోటలో జనవరిలో చూడ్డానికి ఏముంటుంది?

హౌరా_తెలుగు
ముందు రోజు సంగతి తేల్చుకోండి. బుధవారం వెళ్లకండి. దేశమంతా ఆదివారం సెలవైతే, అక్కడ ఠాగూర్ పెట్టిన విశ్వవిద్యాలయం విశ్వభారతికి వారపు సెలవు బుధవారం. ఉత్తరాయణంలోని మ్యూజియం కూడా ఆ రోజు మూసే ఉంటుంది. బ్రహ్మసమాజ పద్ధతిలో బుధవారం ఉదయం ఉపాసన జరిగేది కాబట్టి ఆ ఆనవాయితీ మొదటినుంచీ అలాగే నిలిచిపోయింది. కలకత్తాలో ఠాగూర్ పుట్టిన ఇల్లు, కన్నుమూసిన ఇల్లు జొరాసాంకో. దానికి సెలవు సోమవారం. రెండూ చూడాలంటే మంగళవారం జొరాసాంకో, గురువారం శాంతినికేతన్ పెట్టుకుంటే తేలిక. జొరాసాంకోకి మెట్రోలో గిరీశ్ పార్క్ స్టేషన్లో దిగి నడవొచ్చు.

రైళ్లు. శాంతినికేతన్‌కి దిగాల్సిన స్టేషను బోల్పూర్. హౌరా నుంచి సుమారు 150 కిలోమీటర్లు, రెండుంపావు, రెండున్నర గంటల దారి. చాలామంది పేరు చూసి శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ బుక్ చేస్తారు. అది హౌరాలో పది దాటాక బయల్దేరి పన్నెండున్నర ప్రాంతంలో చేరుస్తుంది. దిగి, ఊళ్లోకి వెళ్లేసరికి మధ్యాహ్న భోజన విరామం. పైగా అదే బండి ఒంటిగంట దాటగానే తిరుగు ప్రయాణం కడుతుంది. ఆ రెండు టికెట్లూ ఒకే రోజుకి తీసుకుంటే మీకు మిగిలేది స్టేషను ప్లాట్‌ఫారమే. ఒక్క రోజులో చూసి రావాలంటే హౌరాలో ఉదయం ఆరు దాటగానే బయల్దేరే గణదేవత ఎక్స్‌ప్రెస్ పట్టుకోండి, తొమ్మిదిలోపు బోల్పూర్‌లో ఉంటారు. టైములు మారుతుంటాయి, టికెట్ తీసే రోజున మళ్లీ చూసుకోండి.

ఇంకొకటి. మన వైపు నుంచి వచ్చే బళ్లన్నీ హౌరాలో ఆగవు. ఫలక్‌నుమా హౌరాకే వస్తుంది. కోరమాండల్, ఈస్ట్ కోస్ట్ ఇప్పుడు శాలిమార్‌లో ఆగిపోతాయి. శాలిమార్ వేరే స్టేషను, అక్కడినుంచి హౌరాకి టాక్సీ కట్టుకోవాలి. బండి ఆలస్యమైతే అదే రోజు పట్టుకోవాల్సిన రైలు తప్పిపోతుంది. కాబట్టి ఆ రాత్రి కలకత్తాలో ఉండి మర్నాడు ఉదయం బయల్దేరండి.

ఇటుకామట్టీ
హౌరా తెలుగు గారు చెప్పినవన్నీ నిజమే. కానీ వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండమనే నా మాట. ఉత్తరాయణం అంటే ఒక ఇల్లు కాదు, ఒకే ఆవరణలో ఐదు ఇళ్లు. కోణార్క్, ఉదయన్, శ్యామలి, పునశ్చ, ఉదీచి. 1919 ప్రాంతం నుంచి 1939 దాకా, దాదాపు ఇరవై ఏళ్లలో ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. ఆయన ఒక ఇంట్లో కొన్నాళ్లుండి, విసుగొచ్చి, ఇంకోటి కట్టించుకునేవారు. 'పునశ్చ' అంటేనే 'మళ్లీ' అని. ఉత్తరం రాసి సంతకం పెట్టాక కింద మళ్లీ రాసే ముక్కకి పెట్టే మాట అది. ఆ పేరు వెనకున్న సంగతి తెలిసి చూస్తే ఇల్లే వేరుగా కనిపిస్తుంది.

అందుకని చూడాల్సిన వరుస ముఖ్యం. గేటు దాటగానే పెద్దదీ అందమైనదీ కాబట్టి అందరూ ఉదయన్ వైపు నడుస్తారు. అది చూశాక మిగిలినవి చిన్నగా అనిపించి, పావుగంటలో తోట చుట్టేసి బయటపడతారు. ఇలా వెళ్లండి.

మొదట విచిత్ర భవనంలోని మ్యూజియం. అది శతజయంతి సంవత్సరం 1961లో కట్టింది. వ్రాతప్రతులు, ఫొటోలు, ఆయన వేసిన బొమ్మలు ముందు చూస్తే తర్వాత ఏ ఇంట్లో ఏ కాలం గడిచిందో తెలుస్తుంది. దానికి గంట పెట్టుకోండి.

తర్వాత కోణార్క్. మొదట్లో ఇది పూరిపాక. తర్వాత మార్పులు చేసుకుంటూ వచ్చారు. గదుల నేలలు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఉండటం గమనించండి. పద్యాలు చదవడం, నాటకాలు సాధన చేయడం ఈ వరండాలోనే జరిగేవి.

ఆ తర్వాత శ్యామలి. దీని గురించి వేరే రాస్తాను, అది నాలుగు ముక్కల్లో తేలేది కాదు. తర్వాత పునశ్చ, ఉదీచి. ఉదయన్ ఆఖర్న. 1941 జూలై 25న శస్త్రచికిత్స కోసం కలకత్తా బయల్దేరింది ఇక్కడినుంచే. ఆగస్టు 7న జొరాసాంకోలో కన్నుమూశారు. ఇక్కడికి మళ్లీ రాలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఉదయన్ మెట్ల దగ్గర ఒక నిమిషం నిలబడండి.

ఇళ్ల లోపల అన్ని గదుల్లోకీ పంపించరు. కొన్ని గదులు గుమ్మంలోంచి, కిటికీలోంచి చూడాల్సిందే. ఏవి తెరిచి ఉంటాయన్నది మరమ్మతుల్ని బట్టి మారుతుంది.

ఓరుగల్లు_పాఠకుడు
నోబెల్ పతకం మ్యూజియంలోనే ఉంటుందా?

హౌరా_తెలుగు
అసలుది లేదండి. 2004 మార్చిలో దొంగలు ఎత్తుకెళ్లారు. తర్వాత నోబెల్ ఫౌండేషన్ వాళ్లు నకళ్లు ఇచ్చారు. ఆ దొంగతనం జరిగినప్పటినుంచి తనిఖీ గట్టిగా ఉంటుంది. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. మ్యూజియం లోపల ఫొటోలు నిషేధం. బయట ఎక్కడ తీయొచ్చో గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. ఒకరోజు ప్రయాణమైతే లగేజీ బోల్పూర్ దాకా తీసుకురావద్దు, హౌరాలోనే క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి.

మోదుగచెట్టు
తోట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. ఉత్తరాయణం తోట కవిగారిది కాదు, ఆయన కొడుకు రథీంద్రనాథ్‌ది. అమెరికాలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం చదివి 1909లో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆయన చేతికొచ్చిన నేల ఎలాంటిదంటే, మన మొరం నేల. ఎర్రటి గరప, కింద గట్టి రాతిపొర. వాన పడితే నీళ్లు ఇంకవు, పైమట్టిని కోసుకుంటూ పోతాయి. శాంతినికేతన్ బయట 'ఖోయాయి' అని పిలిచే గండ్లు అలా ఏర్పడినవే. భీమిలి ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి ఆ రూపం వెంటనే తెలుస్తుంది. అయితే అక్కడిది ఇసుక దిబ్బ, ఇక్కడిది గులకతో నిండిన మొరం.

అలాంటి చోట గులాబీ తోట వేయాలంటే విత్తనం కన్నా ముందు మట్టి కావాలి. అందుకే ఉదయన్ ముందు భాగాన్ని కొంచెం పరిశీలనగా చూడండి. అంతా ఒకే మట్టంలో ఉండదు. మడులు, గట్లు, మెట్లు, తీగపందిళ్లు. నీళ్లు ఒక్కసారిగా జారిపోకుండా ప్రతి మట్టంలో కాసేపు ఆగాలి, లేకపోతే పోసిన మట్టి ఒక్క వానాకాలానికే కొట్టుకుపోతుంది. వెనక తవ్వించిన చెరువు పేరు పంపా. రామాయణం తెలిసిన మనకి ఆ పేరు వేరే చెప్పక్కర్లేదు. చెరువు పక్కనే కొండగుహలా కట్టిన గది 'గుహాఘర్', రథీంద్రనాథ్ పనిగది. చెక్కపని, తోలుపని ఆయన చేత్తో చేసేవారు. దాని పైన 'చిత్రభాను', ఆయన భార్య ప్రతిమాదేవి బొమ్మలు వేసుకునే గది. చాలామంది ఇక్కడిదాకా రారు. మీరు తప్పకుండా రండి.

జనవరిలో పూలంటే గులాబీలు, చామంతులు, శీతాకాలపు మడి పూలు. పెద్ద చెట్ల పూతకి అది కాలం కాదు. మోదుగలు, బూరుగలు ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి దాకా. ఏడాకుల పాల చెట్టు అక్టోబరు, నవంబరుల్లో పూస్తుంది, రాత్రిపూట ఆ వాసన వీధంతా కమ్మేస్తుంది, తలనొప్పి ఉన్నవాళ్లకి కష్టం కూడా.

గోదారిగట్టు
మోదుగచెట్టు గారూ, అక్కడి చెట్ల పేర్లన్నీ బెంగాలీలో ఉంటాయి కదా. తెలుగులో ఏవి ఏవో చెప్తే పెద్దవాళ్లకి చూపించొచ్చు.

మోదుగచెట్టు
తప్పకుండా. ఛాతిమ్ అంటే ఏడాకుల పాల. ఒక్కో కణుపు దగ్గర ఆకులు చక్రంలా పరుచుకుని ఉంటాయి, సాధారణంగా ఏడు, ఒక్కోసారి ఐదో ఆరో. స్నాతకోత్సవంలో పట్టభద్రులకి ఆనవాయితీగా ఇస్తూ వచ్చింది ఈ ఆకే, సప్తపర్ణి. బకుల్ మన పొగడ. పలాశ్ మోదుగ. శిమూల్ బూరుగ. కోణార్క్ ముందున్న పెద్ద చెట్టు బూరుగే, దానికి మాలతీలత అల్లుకుని ఉంటుంది. ఆమ్లకి ఉసిరి, కదమ్ కడిమి, కృష్ణచూడ తురాయి, శిరీష్ దిరిసెన. తాల్ అంటే తాటి. తాటిచెట్టు చుట్టూ గడ్డికప్పు ఇల్లు కట్టి, చెట్టు కప్పులోంచి పైకి లేచినట్టు ఉంటుంది, 'తాలధ్వజ' అంటారు. శాల్ అంటే సాల వృక్షం, మన ఏజెన్సీలో గుగ్గిలం చెట్టంటారు. 'శాలవీథి' అని ఒక బాటంతా ఆ చెట్లే. మామిడితోపుని 'ఆమ్రకుంజ్' అంటారు, స్నాతకోత్సవాలు జరిగిన చోటు. సోనాఝురి ఒక్కటే మన పేరు లేనిది. తుమ్మ జాతిది, ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన చెట్టు. పసుపుపచ్చ పూలగుత్తులు వేలాడతాయి కాబట్టి ఆ పేరు పెట్టారు.

ఒక మనవి. హోలీ వేళ జరిగే వసంతోత్సవం రోజుల్లో జడల్లో పెట్టుకోడానికి మోదుగ కొమ్మలు విరిచేస్తారు. పూలు కింద రాలినవి ఏరుకోవచ్చు, కొమ్మ మీద చెయ్యి వేయకండి. ఏడాదికి ఒక్కసారి, ఇరవై ముప్పై రోజులు పూసే చెట్టు అది.

ఇటుకామట్టీ
శ్యామలి గురించి రాస్తానన్నాను.

1935లో ఆయన పుట్టినరోజున ఇందులో గృహప్రవేశం చేశారు. నమూనా సురేంద్రనాథ్ కర్‌ది. గోడల మీది బొమ్మలు కళాకారులు నందలాల్ బోస్, రాంకింకర్ బైజ్, విశ్వభారతి చిత్ర శిల్ప కళాశాల అయిన కళాభవన విద్యార్థులు చేసినవి. పల్లెటూరి పేదవాడికి నిప్పంటుకోని ఇల్లు కావాలన్నది ఠాగూర్ ఆలోచన. గోడ మట్టిదైనా కప్పు గడ్డిది కాబట్టే ఊళ్లు తగలబడుతున్నాయి, కప్పు కూడా మట్టిదే చేస్తే పోతుంది కదా అని. ఉత్తరాంధ్ర చుట్టిళ్లు తెలిసినవాళ్లకి ఈ లెక్క బాగా అర్థమవుతుంది.

గోడ తట్టుకుంది, కప్పు తట్టుకోలేదు. మట్టిగోడ నిలువుగా ఉంటుంది కాబట్టి నీళ్లు జారిపోతాయి, చూరు కాస్త ముందుకుంటే చాలు. మట్టి కప్పు మీద నీళ్లు నిలుస్తాయి. మట్టి తడిసి బరువెక్కుతుంది, ఎండకి ఆరి పగుళ్లిస్తుంది, తర్వాతి వాన ఆ పగుళ్లలోంచి దిగుతుంది. బెంగాల్ వానకి ఇది ఎక్కువ కాలం ఆగే పని కాదు. కప్పు దెబ్బతింది. ఆయన పక్కనే పునశ్చ కట్టించుకుని మారారు. తర్వాత కప్పు మార్చారు, ఈ మధ్య పురావస్తు శాఖ మళ్లీ బాగుచేసింది. 1940లో గాంధీ, కస్తూర్బా వచ్చినప్పుడు బస ఈ ఇంట్లోనే.

దగ్గరికి వెళ్లినప్పుడు ముందు రంగు చూడండి. నల్లగా ఉంటుంది, పేరు కూడా అందుకే. మట్టిలో తారు కలిపి పూత పూశారు. మన జాలర్లు పడవ అడుగుకి తారు పూసేది ఎందుకో ఇదీ అందుకే. నీరు లోపలికి ఇంకదు, చెద పట్టదు. మొరం నేలలో చెద పెద్ద శత్రువు. అయితే తారు పూత తెగిపోయిన చోట తేమ లోపల చిక్కుకుని బయటికి రాలేక గోడ ఉబ్బుతుంది, పూత పలకలుగా లేస్తుంది. కాబట్టి ఇలాంటి ఇల్లు ఒకసారి కట్టి వదిలేసేది కాదు, ఏటా చెయ్యి పెడుతూ ఉండాల్సిందే. మన అమ్మమ్మలు పండగ పండగకీ గోడ అలికినట్టు.

తర్వాత గుమ్మం. దానికి అటూ ఇటూ సంథాల్ అనే గిరిజన తెగ స్త్రీ పురుషుల ఆకారాలు గోడలోంచి పొడుచుకొచ్చి ఉంటాయి. అతికించినవి కావు, గోడ మట్టినే పైకి లేపి దిద్దినవి. ఎదురుగా నిలబడితే నలుపు మీద నలుపు, సరిగ్గా కనపడవు. రెండడుగులు పక్కకి జరిగి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. భుజం, మోచెయ్యి, చీరకుచ్చిళ్లు అప్పుడు విడివిడిగా తేలతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఏమీ తేలదు. రాత్రి ఉండమని అన్నది అందుకే. గణదేవత దిగి మ్యూజియంకి వెళ్తే శ్యామలి దగ్గరికి చేరేసరికి పన్నెండు అవుతుంది.

గోడని ముట్టుకోవద్దు. చేతి చెమటకి, రోజూ వందల వేళ్లకి మట్టి అంచులు మొద్దుబారిపోతాయి.

హౌరా_తెలుగు
ఇటుకామట్టీ గారూ, అరవై దాటినవాళ్లు ఇద్దరున్నారు, ఒక్క రోజులోనే ముగించాలంటే మీ వరుస తిరగేయొచ్చు కదా. గేటు తెరవగానే ముందు శ్యామలి, కోణార్క్. ఎండ ముదిరాక మ్యూజియం. భోజన విరామం తర్వాత ఉదయన్, చెరువు.

ఇటుకామట్టీ
ఒక్క రోజుకి అదే సరైనది. ఒప్పుకుంటాను. మ్యూజియం ముందు చూడకపోయినా ఐదు ఇళ్ల పేర్లు, వరుస కాగితం మీద రాసుకుని వెళ్తే చాలు.

కడపదారి
జనగణమన రాసింది మన మదనపల్లెలో అంటారు కదా, దాని వ్రాతప్రతి ఈ మ్యూజియంలో ఉందా?

ఓరుగల్లు_పాఠకుడు
రాసింది మదనపల్లెలో కాదన్నా. పాట 1911 డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో థియొసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు ఇంగ్లీషులోకి అనువదించారు, దానికి స్వరం రాసింది మార్గరెట్ కజిన్స్. మదనపల్లెకి ఆ గౌరవం చాలు, లేనిది కలపక్కర్లేదు.

శాంతినికేతన్‌తో మనకున్న దారులు ఇంకా ఉన్నాయి. పిఠాపురం వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని ఠాగూర్ ఆయన్ని శాంతినికేతన్ రప్పించుకున్నారు. రాయప్రోలు సుబ్బారావు అక్కడ ఉన్నారు. బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదువుకున్నవారే, తర్వాత ఠాగూర్ రచనల్ని బెంగాలీ నుంచి నేరుగా తెలుగు చేశారు. అవి రెండు మూడు చదివి వెళ్తే మ్యూజియంలో పేర్లు పరాయిగా అనిపించవు.

గోదారిగట్టు
శాంతినికేతన్ గృహం అని ఒకటి కనిపిస్తోంది. అది ఈ ఐదింటిలోదేనా? స్టేషను దగ్గర టోటో వాళ్లతో ఎలా మాట్లాడుకోవాలి?

హౌరా_తెలుగు
కాదండి. అది ఠాగూర్ తండ్రి దేవేంద్రనాథ్ 1863లో కట్టించిన మేడ. ఊరికి ఆ పేరు వచ్చింది దాన్నుంచే. రోడ్డుకి అటువైపు, ఆశ్రమ భాగంలో ఉంటుంది. దాని దగ్గరే ఛాతిమ్‌తలా. దేవేంద్రనాథ్ మొదటిసారి ఆగి ధ్యానం చేసుకున్న ఏడాకుల పాల చెట్ల చోటు. అక్కడి పలక మీద బెంగాలీలో 'ఆయన నా ప్రాణానికి విశ్రాంతి, మనసుకు ఆనందం, ఆత్మకు శాంతి' అనే అర్థం వచ్చే మాటలుంటాయి. పక్కనే 1891 నాటి ఉపాసనా గృహం. ఇనుప చట్రంలో రంగురంగుల అద్దాలు, కింద పాలరాయి. విగ్రహం ఉండదు. చాలామంది గుడి అనుకుని దర్శనం టైము అడుగుతారు.

ఆశ్రమ భాగం నడుస్తున్న విశ్వవిద్యాలయం. ఉత్తరాయణంలా టికెట్ కొని తిరిగే చోటు కాదు. చెట్ల కింద పిల్లల పాఠాలు జరిగే వేళ లోపలికి రానివ్వరు, కంచె బయటినుంచి పిల్లల్ని ఫొటోలు తీయకండి. 2023 సెప్టెంబరులో యునెస్కో జాబితాలో చేరాక రద్దీ పెరిగింది, ప్రవేశ నియమాలూ మారుతున్నాయి. బయల్దేరే ముందు విశ్వభారతి వెబ్‌సైటులో చూసుకోండి.

టోటో అంటే మన ఈ-ఆటో. స్టేషను నుంచి ఉత్తరాయణం గేటు సుమారు మూడు కిలోమీటర్లు. స్టేషను బయట వాళ్లు 'అన్నీ చూపిస్తాం, పది పాయింట్లు' అని పట్టీ చూపిస్తారు. దానికి ఒప్పుకుంటే ఉత్తరాయణం దగ్గర ముప్పావుగంటకే హారన్ కొట్టడం మొదలవుతుంది, వాళ్లకి తర్వాతి బేరం ఉంటుంది కదా. ఉత్తరాయణం గేటు దాకా మాత్రమే మాట్లాడుకుని పంపేయండి. బయటికొచ్చాక ఎప్పుడూ రెండు మూడు టోటోలు ఉంటాయి.

మోదుగచెట్టు
పెద్దవాళ్ల కోసం రెండు సంగతులు. లోపల దారులు మొరం, గులక. గట్టి అడుగున్న బూట్లు వేయించండి, చెప్పుల్లోకి గులకలు దూరి నడక కష్టమవుతుంది. తెల్ల పంచె, తెల్ల చీర వద్దు. ఆ ఎర్రదుమ్ము ఒక ఉతుకుకి పోదు. ఉదయన్‌కి మెట్లున్నాయి, ఎక్కలేనివాళ్లు గులాబీ మడుల వైపునుంచి ఇంటిని చూడొచ్చు. జనవరి పొద్దున బాగా చలి, స్వెట్టరు ఉండాలి. పదకొండుకల్లా తీసేయాల్సి వస్తుంది.

ఇటుకామట్టీ
ఉత్తరాయణం అయ్యాక గంట మిగిలితే హాటు, అంటే సంత, కన్నా కళాభవన వైపు వెళ్లండి. రాంకింకర్ 1938లో చేసిన 'సంథాల్ కుటుంబం' శిల్పం అక్కడే ఉంది. సిమెంటు, ఆ ఊరి గులకే కలిపి పోసి చేసింది. మగమనిషి కావడి మోస్తుంటాడు, ఒక తట్టలో పసిబిడ్డ. పక్కన భార్య, కాళ్ల దగ్గర కుక్క. పాలరాయికీ కంచుకీ డబ్బు లేక కాళ్ల కింద దొరికినదాంతోనే చేశాడు. శ్యామలి గోడ చూసిన కళ్లతో చూస్తే అది అదే చెయ్యి అని తెలిసిపోతుంది.

కడపదారి
శనివారం హాటు కూడా చూడాలంటే?

హౌరా_తెలుగు
సోనాఝురి అడవిలో సంత. ఒకప్పుడు శనివారం మాత్రమే, ఇప్పుడు మిగతా రోజుల్లోనూ అమ్ముతున్నారు. బావుల్ అనే సంచార గాయకుల పాటలు వినొచ్చు, కాంథా కుట్టుపని చీరలు, తోలు సంచులు దొరుకుతాయి. సాయంత్రం అక్కడ ఉండేటట్టయితే బోల్పూర్ కన్నా ప్రాంతిక్ స్టేషను దగ్గర, కానీ అక్కడ తక్కువ బళ్లే ఆగుతాయి. డిసెంబరు 22, 23 ప్రాంతంలో పౌష్ మేళా అనే జాతర, ఫాల్గుణంలో హోలీ రోజులు మాత్రం వద్దు. గదులు దొరకవు, దొరికినా రేట్లు రెట్టింపు, మూడింతలు.

గోదారిగట్టు
అందరికీ ధన్యవాదాలు. గురువారానికి మార్చుకున్నాం, రాత్రి బోల్పూర్‌లోనే ఉంటున్నాం. శుక్రవారం పొద్దున గేటు తెరవగానే శ్యామలి. భోజనం సంగతి ఒక్కటి చెప్పండి, మాలో ఇద్దరు శాకాహారులు.

హౌరా_తెలుగు
ఇబ్బందేం లేదు. అన్నం, పప్పు, ఆలూ పోస్తో అడగండి, గసగసాలు నూరి చేసే బంగాళదుంప కూర, ఆ జిల్లాలో బాగా చేస్తారు. ఆవనూనె వాడతారు, అలవాటు లేనివాళ్లు ముందే చెప్పాలి. 'నిరామిష్' అంటే శాకాహారం, ఆ మాట చెప్పినా పప్పులో చేప తలకాయ లేదు కదా అని ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. జనవరి కాబట్టి ఈతబెల్లంతో చేసిన సందేశ్ దొరుకుతుంది. 'నొలెన్ గుడ్' అని అడగాలి.